నాలుగో మూల

ఈతకొలను ముందు గోడ మీద నాలుగున్నర అడుగుల చదరం ఒకటి ఖాళీగా మిగిలింది. పాత పేరు బోర్డు ఉండిన చోటు అది. మిగతా గోడంతా నేనే టైల్స్ వేశాను. రసమట్టం ఎక్కడ పెట్టినా బుడగ నడిమధ్యన నిలుస్తుంది. నా పనికి వంక పెట్టినవాడు ఇంతవరకూ లేడు. మనుషులకు వంకలు పెట్టడం మాత్రం నాకు బాగా వచ్చు.

ఆదివారం పొద్దున ఆ చదరాన్ని కొలుస్తున్నాను. వెనక నుంచి ఎవరో "బావా" అన్నారు.

మూడేళ్ల తర్వాత విన్నాను ఆ పిలుపు. నా మరదలు. నా భార్యకు చెల్లెలు. ఈ కొలనులోనే ఆడవాళ్లకు ఈత నేర్పుతుంది. యాభై రెండేళ్లు వచ్చినా నీళ్లలోంచి ఇప్పుడే లేచినట్టు ఉంటుంది.

నేను తిరగలేదు. నా భార్య జబ్బు పడ్డప్పుడు ఆసుపత్రివాళ్లు ఇచ్చిన తేదీని కాగితం మీద రాసుకున్నది ఈమె. ఆ కాగితాన్ని ఈత సంచీలో పెట్టుకుంది. తడిసి సిరా అలుక్కుపోయింది. గుర్తున్న తేదీ చెప్పింది. మేము వారం ఆలస్యంగా వెళ్లాం. వారం ముందొచ్చినా పెద్ద తేడా ఉండేది కాదని డాక్టరు అన్నాడు. డాక్టర్లు అలాగే అంటారు. నా భార్య పోయిన రోజు నుంచి నేను ఈమెతో మాట్లాడలేదు.

"నాతో మాట్లాడొద్దులే," అంది. "నేను గోడతో మాట్లాడుతున్నాననుకో. ఓ గోడా, ఆ చదరం నాకు కావాలి."

గోడ పలకలేదు. ఆమె ఆగలేదు.

మరమ్మతు పూర్తయి గురువారం కొలను తెరుస్తున్నారు. గురువారం ఉదయం ఆరు నుంచి ఏడు వరకు ఆమె క్లాసు. కిందటేడు ఆ క్లాసుకు తొమ్మిదిమంది కంటే ఎక్కువ ఎన్నడూ రాలేదు. కాగితాలు అంటిస్తే ఆవిరికి ఊడిపోయేవి. వచ్చేవాళ్లు కూడా బుధవారమా, గురువారమా అని తికమకపడి మానేసేవారు. ఈసారి తెరిచిన మొదటి గురువారమే పాతికమంది రావాలట. రాకపోతే ఆ గంటను క్లబ్బు కుర్రాళ్ల జట్టుకు ఇచ్చేస్తారట. మళ్లీ అడగడానికి ఉండదు.

"పద్దెనిమిదేళ్లుగా నేర్పుతున్నాను. ఆ గంట పోతే నేను ఒడ్డున పడ్డ చేపనే," అంది గోడతో.

"కాగితం అంటించుకో," అన్నాను, చదరానికి చెబుతున్నట్టుగా.

"కొత్త గోడ మీద కాగితం కనిపిస్తే చించేస్తానన్నాడు విజిల్."

విజిల్ అంటే మేనేజరు. మెడలో విజిల్ లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు. నిద్రలోనూ ఊదుతాడని ఆయన భార్యే చెప్పిందట.

"టైల్ అయితే గోడలో భాగం, అభ్యంతరం లేదన్నాడు. బావా, తడిస్తే చెరిగిపోని తేదీ కావాలి నాకు."

ఆ మాటకు నేను తిరిగాను. ఆమె చేతిలో ఫోను ఉంది. దాని మీద నల్లటి తెల్లటి గళ్ల బొమ్మ.

"ఇది క్యూఆర్ కోడ్. దీనివైపు ఫోను చూపిస్తే చాలు, గురువారం ఆరింటికి ఈత అని వాళ్ల క్యాలెండరులో తనంతట తానే పడిపోతుంది. ఒక్క గురువారం కాదు, ప్రతి గురువారం. అరగంట ముందు గంట కొట్టి లేపుతుంది. ఎవరూ ఏమీ రాసుకోనక్కర్లేదు. నేనూ రాయనక్కర్లేదు."

చివరి మాట మెల్లగా అంది.

నేను బొమ్మను చూశాను. గళ్లు. శుభ్రంగా నల్లదీ, తెల్లదీ. మధ్యలో బూడిద రంగు లేదు. ఉంటే ఉంది, లేకపోతే లేదు. నాకు నచ్చింది. పైకి అనలేదు.

"అటు ఎన్ని గళ్లు, ఇటు ఎన్ని?"

"డెబ్బై మూడు, డెబ్బై మూడు."

"నా దగ్గరున్నది అంగుళం టైల్. పట్టవు. అంచు వదలాలా?"

"చుట్టూ నాలుగు వరసలు తెల్లగా వదలాలి. లేకపోతే ఫోను చదవదట."

సందులు కూడా కలిపి లెక్క వేశాను. "నలభై ఒకటి. అంతకు మించి ఒక్కటి పట్టదు."

ఆమె ముఖం వాడిపోయింది. "అయితే కుదరదు. మాటలెక్కువైతే గళ్లు ఎక్కువవుతాయి. మన అక్షరాలైతే మరీ చోటు తింటాయి."

మాటలెక్కువైతే గళ్లెక్కువ. అరవై ఏళ్లలో ఇంత న్యాయమైన యంత్రం గురించి నేను వినలేదు.

"ఏం రాశావో చదువు," అన్నాను.

మెట్ల మీద కూర్చుని చదివింది. "నలభై దాటిన మహిళలకు ఈత శిక్షణ. నీళ్లంటే భయం ఉన్నవారికి ప్రత్యేక శ్రద్ధ. తువ్వాలు వెంట తెచ్చుకోవాలి."

"తువ్వాలు ఎందుకు?"

"తుడుచుకోవడానికి!"

"నీళ్లలో దిగేవాళ్లకు ఆ మాత్రం తెలియదా? తీసెయ్."

తీసింది. బొమ్మ గభాలున మారిపోయింది. గళ్లు పెద్దవయ్యాయి. "అరవై ఐదు!" అని అరిచింది.

"భయం సంగతి తీసెయ్. భయం ఉందని ఎవరు ఒప్పుకుంటారు?"

"నువ్వు ఒప్పుకోవు. అందరూ నీలా ఉంటారా?" అంటూనే తీసింది. "యాభై మూడు! బావా, యాభై మూడు!"

నేను కూడా మెట్టు మీద కూర్చున్నాను. ఎప్పుడు కూర్చున్నానో తెలియదు.

"నలభై దాటిన మహిళలకు అని ఎందుకు? పక్కనే ఆడవాళ్ల తలుపు ఉంది. తలుపు మీద పలక ఉంది."

"మరి నలభై?"

"ముప్పై తొమ్మిదేళ్లది వస్తే తోసేస్తావా?"

నవ్వింది. తీసింది. నలభై ఐదు.

"ఈత శిక్షణ," అని చదివింది. "ఇంకేం మిగిలింది, తీయడానికి?"

"శిక్షణ."

ఒక్క మాట మిగిలింది. ఈత. రెండు అక్షరాలు. బొమ్మ ఇంకోసారి మారింది. ఆమె గళ్లు లెక్కపెట్టింది. నేనూ లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఆమె లేచి మెట్ల మీద గంతు వేసింది. "మా అక్క నీతో ముప్పై ఏళ్లు ఎలా వేగిందో అనుకునేదాన్ని. నీ దగ్గర మాటలు మిగలవు, పని మిగులుతుంది!"

అక్క మాట రాగానే నేను లేచి దుమ్ము దులుపుకున్నాను. "కాగితం మీద పెద్దదిగా తీసుకురా," అని చెప్పి లోపలికి వెళ్లిపోయాను.

సాయంత్రం తెచ్చింది. గళ్లకు పక్కన, పైన అంకెలు వేసి ఉన్నాయి. తన ఫోను చూపించింది, నా ఫోను చూపించింది. రెండూ చదివాయి. గురువారం, ఆరు, ఈత. నా క్యాలెండరులో అంతకుముందు ఏమీ లేదు.

సోమవారం మొదలుపెట్టాను. పదహారు వందల ఎనభై ఒకటి టైల్స్. అంచు వేరే. మెరిసే టైల్ వద్దన్నాను, వెలుగు కొడుతుంది. మెరుపు లేని నలుపు, మెరుపు లేని తెలుపు. గుండు వేలాడదీసి నిలువు చూశాను. ప్రతి వరసకూ దారం కట్టాను. కాగితం మీద వరస చదివి, నేల మీద టైల్స్ పేర్చి, తాపీతో సున్నితంగా గోడకు ఎక్కించాను. రెండు నలుపు, ఒక తెలుపు, నాలుగు నలుపు. ముప్పై ఐదేళ్లుగా టైల్స్ వేస్తున్నాను. స్నానాల గదులు, వంటిళ్లు, దవాఖానా వరండాలు. గోడ నా చేతిలో మాట్లాడటం ఇదే మొదటిసారి. మధ్యాహ్నం తిండి మరిచిపోయాను. ఎదురుగా బస్టాపులో జనం నిలబడి చూస్తున్నారు. ఒకావిడ, బస్సు నడిపే డ్రైవరు, బస్సు నిలిపిన ప్రతిసారీ దిగి వచ్చి, "ఎంతవరకు వచ్చింది, మేస్త్రీ గారూ?" అని అడిగి వెళ్లేది. ఆవిడకు బదులు చెప్పేవాణ్ని. అది నాకే వింతగా ఉండేది.

మంగళవారం మధ్యాహ్నానికి అడుగు వరసల దగ్గరకు వచ్చాను. అక్కడ ఆగాను.

పైన రెండు మూలల్లోనూ చదరంలో చదరం ఉంది. కింద ఎడమ మూలలోనూ ఉంది. కుడి మూలలో లేదు. దానికి కాస్త లోపలగా ఒక చిన్న చదరం మాత్రం ఉంది, ఎవరో మొదలుపెట్టి వదిలేసినట్టు. నాకు ఒళ్లు మండింది. మూడు మూలలు పూర్తిచేసి నాలుగోది వదిలేసే పనివాణ్ని నేను కూలికి కూడా పెట్టుకోను. తొందర్లో ఏదో నొక్కి చెడగొట్టి ఉంటుందనుకున్నాను. ఆమెకు ఫోను చేసి అడగొచ్చు. నంబరు ఉంది. గళ్ల లెక్క అయితే అడిగేవాణ్నే. తప్పు చేశావా అని అడగాలంటే మూడేళ్ల మాట మొదలవుతుంది.

అడగలేదు. నాలుగో చదరం నేనే వేశాను. మిగతా మూడింటికీ సరితూగేలా, గీత పట్టి. సందులు నింపి, గుడ్డతో తుడిచి, పట్టా కప్పి ఇంటికి వెళ్లాను. చాలా రోజుల తర్వాత ఈల వేసుకుంటూ వెళ్లాను.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి పట్టా తీశాం. మరదలు, విజిల్, నేను. ఎండ సమంగా పడుతోంది. గోడ మీద ఆ చదరం నిలబడి చూసింది మమ్మల్ని. విజిల్ కూడా "అబ్బో" అన్నాడు. ఆ మనిషి నోట ఈల కాకుండా మాట రావడమే గొప్ప.

మరదలు ఫోను ఎత్తింది. తెర మీద గీత తిరిగింది, తిరిగింది. ఏమీ రాలేదు.

దగ్గరకు వెళ్లింది. దూరం జరిగింది. వంగింది. నా ఫోను తీసుకుంది. విజిల్ తన ఫోను తీశాడు. మూడు ఫోన్లూ గుడ్లప్పగించి చూశాయి. కాగితం బయటికి తీసి చూపించింది. ఫోను కాగితాన్ని ఒక్క క్షణంలో చదివింది. గోడను చదవలేదు.

"అమ్మా, రేపు ఆరింటికి తలలు లెక్కపెడతాను," అన్నాడు విజిల్. "పాతిక. ఇరవై నాలుగైనా ఒప్పుకోను. క్లబ్బువాళ్లు ఇప్పటికే రెండుసార్లు ఫోను చేశారు."

"ఈ కాగితమే అంటించుకుంటాను సార్, ఈ ఒక్క రోజుకి."

"కాగితం చెత్త," అని లోపలికి పోయాడు.

"నీకు తెలిసినవాళ్లకు ఫోనులో పంపు," అన్నాను.

"పంపాను. నాకు తెలిసినవాళ్లు తొమ్మిదిమందే బావా. నాకు కావలసింది నాకు తెలియనివాళ్లు." ఆమె కాగితం నా ముందు పెట్టింది. "ఏమైందంటావు?"

నేను అన్నాను. అనకపోయినా సరిపోయేది. అన్నాను. "నువ్వు ఇచ్చిందే వేశాను. తేదీల దగ్గర నీ చెయ్యి సంగతి నాకు తెలియనిదా?"

ఆమె మెట్టు మీద కూర్చుంది. పెన్సిల్ తీసి, పైవరస నుంచి ఒక్కో గడినీ కాగితంతో పోల్చుకుంటూ గీతలు పెట్టసాగింది. తప్పు తనదే అయి ఉంటుందని నమ్మేసింది. అది చూడటం నాకు హాయిగా ఉండాలి. లేదు.

తొమ్మిదో వరసలో ఉండగా బస్సు వచ్చి ఆగింది. డ్రైవరమ్మ దిగి పరుగెత్తుకొచ్చింది. "అయిపోయిందా? మొదటి ఫోను నాదే కావాలి. రెండు నిమిషాలే టైము." భుజం మీది సంచీ తీసి నా నిచ్చెనకు తగిలించి, ఫోను ఎత్తింది.

"పనిచేయడం లేదమ్మా," అన్నాను.

టింగ్ మంది.

"పనిచేసిందిగా!" అంది డ్రైవరమ్మ. "గురువారం, ఆరు, ఈత. ఇదేగా?"

మరదలు చేతిలోంచి పెన్సిల్ జారిపడింది. ఇద్దరం ఒక్కసారే ఫోన్లు ఎత్తాం. టింగ్. టింగ్. డ్రైవరమ్మకు మా ముఖాలు అర్థం కాలేదు. "సరే, నే వస్తా," అని సంచీ తీసుకుంది. నేను మళ్లీ ఎత్తాను. చదవలేదు.

"ఆ సంచీ!" అని అరిచాను. "అమ్మా, ఆ సంచీ అక్కడే పెట్టు!"

"అందులో నా లైసెన్సుంది మేస్త్రీ గారూ!"

"పెట్టు తల్లీ, ఒక్క నిమిషం!"

పెట్టింది. టింగ్. తీసింది. ఏమీ లేదు. పెట్టింది. టింగ్. బస్సులో జనం కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టారు. నిచ్చెన గోడకు కుడివైపు ఆనించి ఉంది. సంచీ వేలాడుతున్నది సరిగ్గా కింది కుడి మూల మీద. నాలుగో చదరం మీద.

ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది. చెప్పకపోయినా ఆమెకు ఇంకో పాతిక వరసల తర్వాత తెలిసేదే.

"ఆ మూల నీ కాగితంలో లేదు," అన్నాను. "నేను వేశాను."

ఆమె గోడను చూసింది. కాగితాన్ని చూసింది. "బావా!" అంది. "ఆ మూల ఖాళీగా ఉండాలి! మూడు మూలల గుర్తులు చూసి, లేనిది ఎటో చూసి, ఏది పైన ఏది కింద అని పోల్చుకుంటుంది ఫోను. నాలుగూ ఉంటే దానికి తల ఎక్కడో కాళ్లెక్కడో తెలియదు!"

"నాకు తెలియలేదు."

"అడగొచ్చుగా?"

జవాబు ఇద్దరికీ తెలుసు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను ఆమెను ఎన్నిసార్లు తిట్టుకున్నానో అన్నిసార్లు తిట్టే హక్కు ఆ నిమిషంలో ఆమెకు ఉంది. ఆమె వంగి పెన్సిల్ తీసుకుని, "ఎంతసేపు పడుతుంది పీకడానికి?" అంది.

"టైళ్ల కింద జిగురు పట్టేసింది. సాయంత్రం కావచ్చు."

"సాయంత్రం ఆఫీసులు వదిలేవేళకి బస్టాపు నిండుతుంది. ఆ లోపు?"

అప్పటికే ఉలి నా చేతిలో ఉంది.

అరవై నాలుగు టైల్స్ పీకాలి. ఒక్కోదాన్ని పక్కదానికి దెబ్బ తగలకుండా తీయాలి. సుత్తి మీద గుడ్డ చుట్టి కొట్టాను. ఆమె పక్కన కూర్చుని కాగితం చదివింది. "నలుపు. తెలుపు. తెలుపు. నలుపు రెండు." నేను పేర్చాను. మధ్యలో "నీ ముక్కు మీద జిగురు," అంది. "ముక్కుకు తెలుసు," అన్నాను. "మాటకు మాట అంటున్నావు, ఒంట్లో బాగానే ఉందా?" అంది. ప్రతి గంటకూ బస్సు వచ్చేది. డ్రైవరమ్మ హారన్ కొట్టి కిటికీలోంచి, "ఎంతవరకు?" అని అరిచేది. "సగం!" అని మరదలు అరిచేది. తర్వాత "ముప్పాతిక!" తర్వాత నేనే అరిచాను. "ఎనిమిది మిగిలాయి!"

నాలుగున్నరకు చివరి టైల్ ఎక్కించాను. ఉలి దెబ్బకు పక్కన ఆరు టైల్స్ అంచులు లేచిపోయాయి. నలుపులో తెల్లని గాట్లు. వాటి కింద జిగురు గట్టిపడింది. తీస్తే ఇంకో పన్నెండు పగులుతాయి.

"ఆరు చెడ్డాయి," అన్నాను. "నా చేతిలో ఆరు."

"పర్లేదు బావా. కోడ్ చేసేటప్పుడే తప్పులకు కాస్త చోటు వదిలిపెడతారు. ఇందులో నూటికి పదిహేను వంతుల దాకా పోయినా, మిగిలిన దాన్ని బట్టి అదే సరిచేసుకుని చదువుతుంది. పొద్దున సంచీ అంత కప్పేసినా చదివింది అందుకే."

"నూటికి పదిహేనా?"

"పదిహేను."

నా జన్మలో నేను ఎవరికీ నూటికి ఒకటి వదల్లేదు. ఫోను ఎత్తాను.

టింగ్.

ఆమె చప్పట్లు కొట్టింది. బస్టాపులో నిలబడ్డవాళ్లు ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. ఒకామె రోడ్డు దాటి వచ్చి ఫోను చూపించింది. వెనకాల ఇంకో ఇద్దరు. ఐదింటికి వరస కట్టారు. కట్టిన వరసలో నిలబడటానికి మనుషులకు కారణం అక్కర్లేదు. డ్రైవరమ్మ బస్సు ఆపి, "ఆడవాళ్లంతా దిగి ఒకసారి ఆ గోడకు ఫోను చూపించి రండి, రెండు నిమిషాలు ఆపుతాను," అని కేక వేసింది. మగవాళ్లు కూడా దిగారు. మరదలు వాళ్లను వెనక్కి పంపింది. ఎన్ని టింగులో లెక్క మరిచిపోయాను. లెక్క మరవడం నా అలవాటు కాదు.

కానీ ఫోను చూపించడం వేరు, చీకటితో లేచి రావడం వేరు.

గురువారం ఐదు ముప్పావుకు కొలను లోపల దీపాలు వెలిగాయి. గుమ్మం దగ్గర పదకొండుమంది ఉన్నారు. తొమ్మిదిమంది పాతవాళ్లు, ఇద్దరు కొత్తవాళ్లు. విజిల్ చేతిలో అట్ట, పెన్ను. బయట ఇద్దరు క్లబ్బు కుర్రాళ్లు తువ్వాళ్లు భుజాన వేసుకుని, గోడకు ఆనుకుని నవ్వుకుంటున్నారు.

"గోడకు ఆనుకోవద్దు," అన్నాను. దూరం జరిగారు.

మరదలు నన్ను చూడలేదు. రోడ్డు వైపు చూస్తోంది. ఇంకో ముగ్గురు వచ్చారు. పద్నాలుగు. ఆరుకు తొమ్మిది నిమిషాలు. విజిల్ అట్ట మీద ఏదో గీశాడు.

మలుపులో బస్సు లైట్లు కనిపించాయి. బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఒకామె దిగింది. ఆమె వెనక ఇంకొకామె. ఆపైన దిగుతూనే ఉన్నారు. చేతుల్లో సంచీలు, ముఖాల్లో నిద్ర, ఒకరికొకరు తెలియనివాళ్లు. "మీకూ గంట కొట్టిందా?" "ఐదున్నరకు కొట్టింది, మావారు ఉలిక్కిపడి లేచారు!" "నేనైతే గురువారమని మరిచేపోయాను!" అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. విజిల్ పెన్నుతో గాలిలో పొడుస్తూ లెక్కపెట్టాడు. ఇరవై రెండు. ఇరవై ఐదు. ఇరవై తొమ్మిది. ముప్పై నాలుగు దగ్గర ఆపేశాడు.

"నువ్వు దిగవా?" అని మరదలు డ్రైవరమ్మను అడిగింది.

"ఈ ట్రిప్పు నేనే నడపాలి. వచ్చే గురువారం డ్యూటీ మార్పించుకున్నా!"

విజిల్ గట్టిగా ఊదాడు. క్లబ్బు కుర్రాళ్లు తువ్వాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. ఆడవాళ్లు తలుపులోంచి లోపలికి పోయారు. కాసేపటికి నీళ్ల చప్పుడు, అరుపులు, నవ్వులు గోడ దాటి వినిపించాయి. ఒకామె "అమ్మో, చల్లగా ఉంది" అని కేక పెట్టింది. తువ్వాలు తెచ్చుకోనివాళ్లు నలుగురున్నారని తర్వాత తెలిసింది. ఆ సంగతి మరదలు ఈ జన్మలో మరిచిపోదు.

నేను ఆ ఆరు టైల్స్‌ను కొత్తవాటితో మార్చాలని సంచీలో ఉలి, సుత్తి తెచ్చుకున్నాను. గోడ దగ్గర కూర్చున్నాను. ఉలి తీయలేదు. నా జేబులో ఫోను ఐదున్నరకే మోగింది. ఆదివారం కాగితం చూపించినప్పుడు అందులోనూ పడింది. ఈత. ప్రతి గురువారం, ఆరు నుంచి ఏడు. ఎప్పటివరకు అని లేదు.

ఏడు దాటాక మరదలు తడి తలతో బయటికి వచ్చింది. నా చేతిలో ఫోను చూసింది.

"నీకూ మోగిందా? తీసేయమంటావా?"

"తువ్వాళ్లు ఎంతమంది మరిచిపోయారు?" అన్నాను.

ఆమె నవ్వుతూ వచ్చి పక్కన మెట్టు మీద కూర్చుంది. జుట్టులోంచి నీళ్లు నా చొక్కా మీద పడ్డాయి. ఫోను జేబులో పెట్టుకున్నాను.